మొద్దుకు ఒకవైపే పూలు

ఆ వీధిలో ఫొటోలు తీసే ఆయనకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది గానీ, దాన్ని వాడే మనిషి ఎవరూ మిగల్లేదు. బడిపిల్లల దగ్గర్నుంచి పోస్టుమన్ దాకా అందరికీ ఆయన గడ్డందించు. స్టూడియోలో స్టూలు మీద పసిపిల్ల కూర్చున్నా, పళ్ళూడిన తాత కూర్చున్నా, కెమెరా వెనక నుంచి వచ్చే మొదటి మాట అదే: "గడ్డం కొంచెం దించండి." దించితే "మరీ అంత కాదు" అంటాడు. ఎత్తితే మళ్ళీ దించమంటాడు. అలా మెడ నొప్పెట్టేదాకా తిప్పించి, చివరికి మొదట ఎలా కూర్చున్నారో అలాగే తీసేవాడు. దాన్ని కళ అంటారని ఆయన గట్టి నమ్మకం.

ఆయన లోకానికి ముందువైపు ఒక్కటే ఉండేది. స్టూడియోలో ఒక నల్లకోటు వేలాడేది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టేవాళ్ళకీ, పెళ్ళిచూపులకి ఫొటో పంపేవాళ్ళకీ అదే కోటు. సన్నగా ఉన్నవాళ్ళకి వెనక నుంచి బట్టల క్లిప్పులు పెట్టి బిగించేవాళ్ళు. లావుగా ఉన్నవాళ్ళకి వీపు మీద కుట్టు విప్పేసిన చోట చొక్కా బయటికి పొంగుతూ ఉండేది. ముందు నుంచి చూస్తే మాత్రం ప్రతివాడూ జడ్జీగారే. బల్ల మీద పూలకుండీలో కాగితం పూలు ఎదుటివైపు మాత్రమే, వెనక అట్టముక్క. ఇంటికి రంగు వేయిస్తే వీధిగోడకే. పొద్దున్నే తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవాడు పాపం, కాలరూ ముందు రెండు పలకలూ. వీపుభాగం నలిగిన కాగితంలా ఉన్నా పట్టించుకునేవాడు కాదు. "వీపు ఎవరు చూస్తారే?" అనేవాడు భార్యతో.

చూసే మనిషి ఆవిడే. కోటుకి క్లిప్పులు పెట్టేది ఆవిడ. కెమెరా వెనక నిలబడి గిలక్కాయ ఊపి పిల్లల్ని నవ్వించేది ఆవిడ. ఫొటోలు చిన్న కత్తెరతో అంచులు చెడకుండా కత్తిరించి కవర్లలో పెట్టేదీ ఆవిడే. స్టూడియోకి వచ్చినవాళ్ళంతా గడ్డందించుకి దండం పెట్టి, ఆవిడ చేతిలోంచి కవరు లాక్కుని పోయేవాళ్ళు. ఆయన జీవితమంతా ఆవిడకి వీపు చూపించుకుంటూనే గడిచిందంటే తప్పులేదు.

ఇంటి తీరు కూడా చెప్పుకోవాలి. వీధివైపు గది స్టూడియో. దట్టమైన పాత గోడలు, కిటికీకి నల్లగుడ్డ, ఎండాకాలంలో కూడా కాళ్ళ కింద నేల చల్లగా ఉండేది. పక్కనే వీధి గేటు. గేటు తీసుకుని పెరట్లోకి వస్తే ఎదురుగా బాదం చెట్టు, చెట్టు వెనక, ఇంటికి దూరంగా విడిగా కట్టిన వంటిల్లు. వంటింటి కిటికీ సరిగ్గా పడమటికి ఉంది. అయినా ఇన్నేళ్ళూ ఎవరికీ ఇబ్బంది లేకపోయిందంటే కారణం ఆ చెట్టే. మధ్యాహ్నం ఎండంతా అది తన ఆకుల మీదే ఆపుకునేది. వంట అయిపోయాక ఆవిడ ఆ నీడలో పీట వేసుకుని ఫొటోలు కత్తిరించుకునేది.

చేతిలో ఫోను లేని మనిషి కరువైన దగ్గర్నుంచి స్టూడియోకి గిరాకీ తగ్గింది. పాస్‌పోర్టు ఫొటోలు తప్ప ఇంకేం అడిగేవాళ్ళు లేరు. అప్పుడు గడ్డందించు బుర్రలో ఒక ఆలోచన మొలిచింది. జనానికి గదిలో ఫొటోలు మొహం మొత్తాయట. బయట, పచ్చదనంలో, వెలుతురులో దిగాలని ఉందట. పెరట్లో తోట ఫొటోలు మొదలుపెడితే ఊరంతా కట్టకట్టుకుని వస్తుందట. ఒక్కటే అడ్డం. చెట్టు నీడలో మొహాలు నల్లగా పడతాయి. పచ్చదనంలో ఫొటోలు తీయడానికి పచ్చని చెట్టు కొట్టించాలని తేల్చిన మహానుభావుణ్ణి ఆ వీధి మళ్ళీ చూడబోదు.

ఆవిడ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళిన పూట చూసి కొట్టించేశాడు. తిరిగొచ్చేసరికి కొమ్మలన్నీ గేటు బయట కుప్పగా ఉన్నాయి. పెరట్లో మిగిలింది మోకాలెత్తు మొద్దు. దాన్ని కూడా పెరికేద్దామంటే కొట్టేవాళ్ళు ఒప్పుకోలేదు. వేరు వంటింటి గోడ కిందికి పోయిందనీ, లాగితే గోడ కూడా వెంట వస్తుందనీ చెప్పి గొడ్డళ్ళు భుజాన వేసుకుని పోయారు.

"నన్నొక మాట అడిగారా?" అంది ఆవిడ, చేతిసంచి కింద పెట్టకుండానే.

"అడగడానికి ఏముంది? చెట్టు పెరట్లోది."

"వంటిల్లూ పెరట్లోదే."

అది జవాబు చెప్పాల్సిన మాట అని ఆయనకి తట్టలేదు. మొద్దు మీద అరచేత్తో తట్టి, కూర్చోడానికి భలే ఉందన్నాడు. మొదటి వారం ఒక కుటుంబాన్ని దాని మీద కూర్చోబెట్టాడు కూడా. మొద్దులోంచి ఊరిన జిగురు ఆ ఇల్లాలి పట్టుచీరకి పట్టుకుంది, పగుళ్ళలోంచి ఎర్రచీమలు లేచాయి. ఆ కుటుంబం వెళ్ళిపోతూ అన్న మాటలు గోడవతల పక్కింటి పిన్నికి పూర్తిగా వినపడ్డాయి కాబట్టి సాయంత్రానికి వీధికంతా తెలిశాయి. తోట ఫొటోల కథ అక్కడితో ముగిసింది.

వంటింటి కథ అప్పుడే మొదలైంది. ఎండలు ముదిరాయి. మధ్యాహ్నం నుంచి పొద్దు వాలేదాకా కిటికీలోంచి ఎండ సూటిగా పొయ్యి మీద పడేది. స్టీలు డబ్బాల మూతలు ముట్టుకుంటే చురుక్కుమనేవి. ఆవిడ తలకి తడిగుడ్డ చుట్టుకుని పనిచేసేది. రెండు మూడు సార్లు చెప్పి చూసింది. "సాయంత్రానికి తగ్గుతుందిగా" అనేవాడు ఆయన. ఆయనకి వంటిల్లంటే గడప. గడప బయట నిలబడి చెయ్యి మాత్రం లోపలికి చాపేవాడు, గ్లాసు చేతిలో పడగానే చెయ్యి వెనక్కి తీసుకునేవాడు. ఆ కిటికీ దగ్గర ఒక్కసారి కూడా నిలబడ్డ పాపాన పోలేదు.

ఒకరోజు పొద్దున్నే ఆవిడ బట్టల సంచి, ఇంకో సంచిలో తన గిన్నెలు కొన్ని సర్దుకుని స్టూడియో గుమ్మంలోకి వచ్చింది.

"చెల్లెలి దగ్గరికి వెళ్తున్నాను. వంటింట్లో ఎండకి నిలబడలేకపోతున్నాను. చెట్టున్నప్పుడు ఇలా లేదు."

"ఎప్పుడొస్తావ్?"

"నిలబడగలిగినప్పుడు."

ఇంతకంటే తేటగా ఎవరైనా చెప్పగలరా? ఆయన మాత్రం ఆ మాటల్లోంచి తనకి కావలసినంత ముక్క కత్తిరించుకున్నాడు. చెట్టు. అంతే. ఆవిడకి చెట్టు మీద దిగులు పట్టుకుందన్నమాట. ఆడవాళ్ళ మనసు పువ్వులాంటిది, రెండు రోజుల్లో అదే సర్దుకుంటుంది. అలా అనుకుని లెన్సు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

సర్దుకోలేదు. వారాలు గడిచాయి. కోటుకి క్లిప్పులు పెట్టే చెయ్యి లేక, ఆయనే వెనక్కి పరుగెత్తి పెట్టి, ముందుకి పరుగెత్తి చూసి, మళ్ళీ వెనక్కి పరుగెత్తేవాడు. ఈలోగా స్టూలు మీద మనిషి పక్కకి తిరిగిపోయేవాడు. పిల్లల్ని నవ్వించబోతే గుక్కపట్టి ఏడ్చారు. కత్తిరించిన ఫొటోల్లో ఒకాయనకి చెవి పోయింది, ఒకావిడకి భుజం పోయింది. వీధిలో వాళ్ళు అడగడం మొదలుపెట్టారు. "ఏం బాబూ, మా కోడలు ఇంకా రాలేదా?" అని పక్కింటి పిన్ని రోజూ గోడ మీంచి తల పెట్టి అడిగేది. రాలేదని తెలిసే అడిగేది.

అన్నింటికంటే ఆయన్ని కుదిపింది ఇల్లు. రాత్రి ఒక్కడే రొట్టె ముక్క పాలల్లో ముంచుకుని తింటుంటే ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీగా చూసేది. ఇంట్లో మనిషి లేకపోతే మాట్లాడే మాట ఒక్కటీ లేదని అప్పుడు తెలిసింది. ఆవిడ తిరిగి రావాలి. ఆ ఒక్క కోరిక మాత్రం ఆయనలో నిజమే, దాన్ని కాదనకూడదు. ఆ కోరిక తీరడానికి ఆయన ఎంచుకున్న దారి చూస్తేనే నవ్వాలో ఏడవాలో తెలియదు.

చెట్టు పోయిందని కదా దిగులు. మొద్దు చుట్టూ పూలు పెంచితే సరి. చెట్టుకి బదులు తోట. ఆవిడ గేటు తీసుకుని రాగానే ఎదురుగా రంగురంగులుగా కనపడాలి, కళ్ళ నీళ్ళు పెట్టుకోవాలి.

వీధి చివర బండి మీద మొక్కలమ్మే ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"బంతీ, చామంతీ, బిళ్ళగన్నేరూ కావాలి. పొట్టివి ముందుకి, పొడుగువి వెనక్కి."

"ఎండ ఎటునుంచి పడుతుందయ్యా?"

"కెమెరా వెనక నుంచి."

ఆవిడ కాసేపు ఆయన్ని కిందికీ పైకీ చూసి, మొక్కలు ఎంచడంలో పడిపోయింది.

చెట్టు కొట్టిన చోట నేల తవ్వడం ఏమంత తేలిక కాదు. గునపం దించిన ప్రతిచోటా వేరు తగిలింది. చిన్న పార పిడి విరిగింది. ఆయన బొబ్బలెక్కిన చేతులతో పళ్ళెమంత లోతు గుంటలు తీసి మొక్కలు కుక్కాడు. నాలుగు రోజుల్లో అవన్నీ తలలు వాల్చేశాయి. రెండోసారి కాస్త తెలివి తెచ్చుకుని, గేటువైపు అర్ధచంద్రాకారంలో ఇటుకలు పేర్చి, మట్టీ ఎరువూ తెప్పించి పోసి, దాంట్లో నాటాడు. మొద్దు మీద పాత ప్లాస్టిక్ బేసినుకి కన్నాలు పొడిచి, వేలాడే బిళ్ళగన్నేరు పెట్టాడు. పొద్దునా సాయంత్రమూ నీళ్ళు పోశాడు. ఇల్లు కట్టిన దగ్గర్నుంచి ఆయన చేత్తో ఒక చెంబు నీళ్ళు నేల మీద పడ్డం అదే మొదలు.

మరి మొద్దుకి అవతలివైపు? అవతలివైపు ఎందుకు? ఆయన పెంపకమంతా కెమెరా లోంచే. మూడుకాళ్ళ స్టాండు గేటు పక్కన పాతేశాడు. రోజూ పొద్దున్నే దాంట్లోంచి చూసి, వచ్చి ఒక కుండీ జరిపి, మళ్ళీ వెళ్ళి చూసేవాడు. ఖాళీ కనపడితే ఇంకో మొక్క. వాలిన కాడకి వెనక నుంచి పుల్ల పాతి బట్టల క్లిప్పు. ఇటుకల వరస కూలకుండా అవతల నుంచి ఖాళీ పెయింటు డబ్బాలు ఆనించాడు. బేసిను జారకుండా విరిగిన స్టాండు కాలు ఒకటి దన్నుపెట్టాడు. సిమెంటు బస్తా మిగిలింది ఒకటి ఉంటే అదీ అటే తోశాడు. అటు ఏం ఉన్నా పరవాలేదు, కెమెరా అద్దంలోకి రాదు కదా.

"నువ్వు కొంచెం ఎడమకి" అని ఒకరోజు ఆయన బంతిమొక్కతో అంటుంటే గోడ మీద పక్కింటి పిన్ని తల మొలిచింది.

"దాన్ని కూడా గడ్డం దించమనలేకపోయావా, బాబూ?"

"పిన్నీ, నీ పని చూసుకో."

"నా పని ఇదే కదా. అది సరే గానీ, ఈ పూలు ఎవరికి?"

"మీ కోడలికి."

"మరి నీ వైపే పూయించావేం?"

గడ్డందించు చెవిన పెట్టలేదు. పిన్ని మాట చెవిన పెట్టేవాళ్ళు ఆ వీధిలో తక్కువ, తర్వాత విచారించేవాళ్ళు ఎక్కువ.

పూలు మాత్రం పూశాయి. దానికి ఆయన గొప్ప ఏమీ లేదు, నీళ్ళూ ఎండా ఉంటే ఎవరికైనా పూస్తాయి. పసుపు బంతులు ముందు వరసలో, తెల్ల చామంతులు వాటి వెనక, పైనుంచి గులాబీరంగు బిళ్ళగన్నేరు. నడుమ మొద్దు పాత సింహాసనంలా ఉంది. ఆ రోజు గడ్డందించు గేటు దగ్గర నిలబడి చూసుకుని, తన కళ్ళే చెమర్చాయని తర్వాత చెప్పుకున్నాడు. ఒక్కటే లోపం కనపడింది ఆయనకి. పూల వెనక, బొమ్మలో సరిగ్గా మధ్యలో, మసిపట్టిన వంటింటి కిటికీ. అది అందాన్ని చెడగొడుతోంది. స్టూడియోలోంచి ఆకుపచ్చ గుడ్డ తెచ్చి కిటికీకి బయట మేకులు కొట్టి మూసేశాడు. అప్పుడు తీశాడు ఫొటో. తీసి, ఈమధ్య ఎవరికీ వెయ్యనంత పెద్దగా వేయించి, అట్టకి అంటించి, చంకలో పెట్టుకుని మరదలి ఇంటికి బయల్దేరాడు.

మరదలిది బట్టలు కుట్టే దుకాణం. మిషను ముందు నుంచి లేవకుండానే, నోట్లో గుండుసూదులు పెట్టుకుని పలకరించింది.

"ఏం బావగారూ, దారి తప్పారా?"

"మీ అక్క ఎక్కడ?"

"లోపల గుండీలు కుడుతోంది. ఫ్యాను కింద హాయిగా ఉంది. పిలవను."

"పిలవక్కర్లేదు. ఇది చూపించు చాలు."

మరదలు సూదులు తీసి కుషనుకి గుచ్చి, ఫొటో అందుకుని దూరంగా పట్టుకుని చూసింది. "ఇదేంటి, మొద్దా?"

"మొద్దు కాదు. చుట్టూ పూలు. నేనే పెంచాను, ఈ చేతులతో."

"చుట్టూనా?"

"చుట్టూ" అన్నాడు ఆయన, రెప్ప వెయ్యకుండా. అది అబద్ధమని ఆయనకి నిజంగానే తోచలేదేమో కూడా. ఫొటోలో కనపడినంత మేరా చుట్టూయే కదా.

ఆయన వెళ్ళిపోయాక జరిగింది మరదలే వచ్చే పోయే ఆడవాళ్ళందరికీ జాకెట్ల కొలతలు తీసుకుంటూ చెప్పింది. వాళ్ళక్క ఫొటో చేతిలోకి తీసుకుని పూల వంక చూడలేదట. బొటనవేలితో అంచులు తడుముకుంటూ పోయిందట. ఎన్ని వేల ఫొటోలు కత్తిరించిన చెయ్యి అది, ఏది ఉంచాడో ఏది తీసేశాడో ఆ వేలికి తెలుసు.

"నా కిటికీ ఏది?" అందట.

"ఏ కిటికీ?"

"మొద్దు వెనక వంటింటి కిటికీ ఉండాలి. పచ్చగా ఏదో ఉంది. ఇది ఆకులు కాదే. ఇది స్టూడియో గుడ్డ, ఈ మూల చిరుగు నేనే కుట్టాను."

"పూలు బాగున్నాయి కదక్కా, పోనిద్దూ."

"వెళ్ళి చూసొస్తాను."

"ఉండిపోతావా?"

"చూసొస్తానన్నాను."

మర్నాడు మధ్యాహ్నం, ఎండ మండిపోతున్న వేళ, గేటు కిర్రుమంది. పక్కింటి పిన్ని ఆరేసిన బట్టలు తియ్యడానికి గోడ దగ్గరికి వచ్చింది. అవి అప్పుడే ఆరేసిన బట్టలు, నీళ్ళు కారుతున్నాయి కూడా. మరదలు ఫోను చేసి చెప్పడంతో గడ్డందించు పొద్దుటి నుంచీ ఇస్త్రీ చొక్కా వేసుకుని కాచుకుని ఉన్నాడు. ఆవిడ చేతిలో సంచి లేదని గమనించాడు గానీ, పూలు చూశాక అదే వస్తుందని సర్దుకున్నాడు.

నేల మీద ఒక ఇటుక గుర్తుగా పెట్టి ఉంది. "ఇక్కడ నిలబడు. ఇంకొంచెం ఇటు. ఆఁ, ఇప్పుడు చూడు."

ఆవిడ నిలబడింది. చూసింది. గాలికి చామంతులు కదిలాయి.

"బాగుంది" అంది.

ఆ ఒక్క మాటకి ఆయన అరడుగు పొడుగయ్యాడు. ఇక సంచులు ఎప్పుడు తెచ్చుకుంటావని అడగబోతుండగా, ఆవిడ ఇటుక మీంచి అవతలికి నడవడం మొదలుపెట్టింది.

"ఎక్కడికి?"

"దాహంగా ఉంది."

"నేను తెస్తానుండు. లోపల అంతా చిందరవందరగా ఉంది, గ్లాసులు కడగలేదు..."

"నాకు కొత్తా ఏంటి?"

ఆయన కంగారుగా వెనకాలే వెళ్ళి అలవాటుగా గడప దగ్గర ఆగిపోయాడు. లోపల కిటికీ తలుపులు తెరుచుకున్న చప్పుడు. ఆకుపచ్చ గుడ్డ మీద చీపురు కర్ర పోటు. ఒక పోటుకి ఒక మేకు, రెండో పోటుకి రెండోది ఊడాయి. గుడ్డ జారి కింద పడింది. వంటిల్లంతా భగ్గుమన్నట్టు ఎండ నిండిపోయింది.

ఆ కిటికీలోంచి కనపడే తోట వేరు. వరసగా తుప్పుపట్టిన పెయింటు డబ్బాలు. బేసినుకి దన్నుగా విరిగిన స్టాండు కాలు. రాయిలా గడ్డకట్టిన సిమెంటు బస్తా. కాడకో పుల్ల, పుల్లకో బట్టల క్లిప్పు. పూసిన పువ్వు పూసినట్టు ఎండ వచ్చే గేటువైపు తలతిప్పి, వంటింటికి వీపు పెట్టుకుని నిలబడి ఉంది. మొద్దు అవతలి సగం నున్నగా, సింహాసనంలా ఉంటే, ఇవతలి సగం నెర్రెలు విచ్చి, చీమల పుట్టలతో, గోడ కిందికి దూరిన వేరుతో, కొట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది.

ఆవిడ చీపురు గోడకి ఆనించింది. తర్వాత, "లోపలికి రండి" అంది.

"ఇక్కణ్ణించే వింటున్నా, చెప్పు."

"లోపలికి రండి."

ఆయన గడప దాటాడు. ఆవిడ పొయ్యి పక్కకి జరిగి, తను నిలబడే చోటు వేలితో చూపించింది. "ఇక్కడ. కిటికీకి ఎదురుగా. కాసేపు."

ఆయన నిలబడ్డాడు. ఎండ ఛెళ్ళున మొహాన కొట్టింది. కళ్ళు చికిలించాడు. నుదుటి మీద చెమట పట్టింది, చెవుల వెనక నుంచి కాలరులోకి జారింది. పొయ్యి వెలిగించనే లేదు, అప్పటికే ఇది. ఆవిడ చేతులు కట్టుకుని ఎదురుచూస్తూ నిలబడింది. గోడవతల నీళ్ళు కారుతున్న బట్టలు కూడా కదలడం మానేశాయి. ఆయన నోటి వెంట ఒక్క మాట రావాలి. క్షమాపణ కూడా అక్కర్లేదు. "ఎలా నిలబడ్డావే ఇన్నాళ్ళూ" అని ఊరికే అన్నా చాలు, సంచులు ఆ సాయంత్రమే వచ్చేసేవి.

గడ్డందించు మొహం మెల్లగా అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. తన అరచేతులు వెలుగులో పెట్టి చూసుకున్నాడు. భార్య మొహం వంక చూశాడు. ఏళ్ళ తరబడి చూడనట్టు, కళ్ళింత చేసుకుని చూశాడు.

"అబ్బ," అన్నాడు, "ఏం వెలుతురే ఇది."

ఆవిడ కట్టుకున్న చేతులు దించేసింది.

"ఇంత వెలుతురు ఇంట్లో పెట్టుకుని నేను చీకటి గదిలో దీపాలు వేసుకుని చస్తున్నాను. చూడు, నీ మొహం మీద ఎంత బాగా పడుతోందో. కాస్త చురుగ్గా ఉంది, అంతే. కిటికీకి ఒక పల్చటి తెల్లగుడ్డ కట్టామనుకో, ఎండ విరిగిపోతుంది, వేడీ తగ్గుతుంది, మనిషికి కళ్ళు కూడా..."

అక్కడ ఆగాడు. ఎందుకు ఆగాడో ఆయనకే తెలియాలి. బహుశా ఆవిడ మొహం చూసి ఆగి ఉంటాడు.

"తెల్లగుడ్డ" అంది ఆవిడ.

"ఊఁ."

"కడితే వేడి తగ్గుతుంది."

"తగ్గుతుంది మరి."

"ఆ సంగతి మీకు ముందే తెలుసు."

"ఫొటోలు తీసేవాడికి తెలియకుండా ఎలా ఉంటుంది?"

"స్టూలు మీద కూర్చునేవాళ్ళ మొహాలకైతే తెల్లగుడ్డ. నా మొహానికి అది కూడా దండగైపోయింది."

ఆయన కాలరు వదులు చేసుకున్నాడు. గడప బయట ఉన్నప్పుడు దొరికే జవాబులు లోపల దొరకలేదు. చొక్కా ముందు పలకలు రెండూ చెమటకి ఒంటికి అతుక్కుపోయి, ఇస్త్రీ ఎక్కడ చేశాడో ఎక్కడ చెయ్యలేదో తేడా తెలియకుండా పోయింది.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కుండలో నీళ్ళు ముంచుకుని తాగి, గ్లాసు బోర్లించి, పొయ్యి వంకా గోడల వంకా ఇల్లు కొనడానికి వచ్చిన మనిషిలా చూసింది.

"ఇంత బాగుంటే మీరే ఉండండి ఇక్కడ" అంది.

"అంటే?"

"మీ కెమెరా, స్టూలు, కోటు అన్నీ ఇక్కడికి తెచ్చుకోండి. నా పొయ్యి ముందు గదిలో పెట్టండి. అక్కడ చల్లగా ఉంటుంది."

"స్టూడియోలో పొయ్యా? వీధిగదిలోనా? జనం ఏమనుకుంటారు?"

"వీధిలో మనకు తెలియని జనం ఎవరున్నారు? ఇదిగో, పిన్ని గోడ మీదే ఉంది, అడగండి."

"నాకేం అభ్యంతరం లేదు" అంది గోడ మీది తల.

"అది కాదే, జలపాతం బొమ్మ తెర ఎక్కడ కట్టను? ఇక్కడ పొగమసి..."

"కడగండి."

"వచ్చేవాళ్ళు పెరట్లోంచి నడిచి రావాలి."

"మీ పూలు చూసుకుంటూ వస్తారు. మీరు కోరుకున్నదేగా."

ఆయన తల గోక్కున్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు, ఈసారి వెలుతురు కోసం కాకుండా. పెయింటు డబ్బాలు, సిమెంటు బస్తా, క్లిప్పులు. మనుషులు గేటు తీసుకుని వచ్చి, మొద్దు చుట్టూ తిరిగి, ఈ గుమ్మంలోకి రావాలి. స్టూలు మీద కూర్చుని ఈ కిటికీలోంచే చూస్తారు.

"అయితే ఇటు కూడా నాటాలి" అన్నాడు గాబరాగా. "ఇలా ఉంటే ఏం బాగుంటుంది, వచ్చేవాళ్ళు చూస్తే పరువు పోదూ?"

వచ్చేవాళ్ళు చూస్తే. ఆవిడ ఆ మాట విని పెదవి విరిచింది. ఆ మనిషి దగ్గర్నుంచి ఇంతకంటే రాదని తెలియడానికి ఆవిడకి ఆ మధ్యాహ్నమే కావాల్సిన పని లేదు. మూలన ఉన్న పిడి విరిగిన పార తెచ్చి ఆయన చేతిలో పెట్టింది.

సాయంత్రం ఎండ తగ్గకముందే సామాను కదిలింది. గడ్డందించు చెమటలు కక్కుతూ ముందు గదిలోంచి స్టూలు, గొడుగు దీపం, తెర చుట్ట మోసుకొచ్చాడు. ప్రతిసారీ మొద్దు దగ్గర దారి ఇరుకై, పెయింటు డబ్బాకి తట్టుకుని, ఒక్కొక్కటీ తీసి గేటు బయట పడేశాడు. ఆవిడ ముందు గదిలో నల్లగుడ్డ తీయించి, వీధి కిటికీ బార్లా తెరిచి, పొయ్యి ఏ గోడకి పెట్టాలో కొలుచుకుంది. కిటికీ దగ్గర నిలబడితే వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా కనపడుతోంది. నాలుగడుగులు అటు వేసి చూసింది, ఇటు వేసి చూసింది. పొయ్యి కిటికీ పక్కనే పెట్టించింది.

"మరి సంచులు?" అన్నాడు ఆయన గుమ్మంలో నిలబడి, తెర చుట్ట ఇంకా భుజం మీదే ఉండగా. "నేను వెళ్ళి తేనా?"

ఆవిడ చెల్లెలికి ఫోను చేసింది.

"నేనే. ఇక్కడే ఉన్నాను. రేపు మీ ఆయన ఇటొస్తే గిన్నెల సంచి పంపించు. ఆఁ, గిన్నెలదే. కాదే, బట్టల సంచి అక్కడే ఉండనీ. ముందు ఈ వేసవి ఎలా వెళ్తుందో చూద్దాం."